దండెం మీద నల్ల బెల్టు

“ఓలమ్మో! ఈ బెల్టు బకెట్లో ఏసిందెవులే?”

ఏసుమణి అరుపుకి పక్కింటి అచ్చియ్యమ్మ చీపురు ఆపి, గోడ మీదుగా తొంగి చూసింది. ఆ చూపును పట్టించుకునే స్థితిలో ఏసుమణి లేదు. సబ్బునీళ్ల బకెట్లోంచి మొగుడి తెల్లచొక్కా బయటికి లాగింది. ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా. అదిప్పుడు బూడిదరంగులో ఉంది. దాని వెనకే నల్లగా, నీళ్లు కారుతూ కరాటే బెల్టు పైకొచ్చింది. చివర బంగారు రంగు దారంతో కుట్టిన పేరు మాత్రం చెక్కుచెదరలేదు. జెరూషా. ఆ పేరు కుట్టింది ఏసుమణే, పెద్దకూతురికి బ్లాక్ బెల్టు వచ్చిన రోజున, తన కుట్టుమిషను పక్కన పెట్టి చేత్తో కుట్టింది.

చిన్నకూతురు మెర్లిన్ పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చి, ఆ బెల్టును చూసి, నోట్లో నురగతోనే ఆగిపోయింది.

“అమ్మా! బెల్టు ఉతికేసేవా? బెల్టు ఉతక్కూడదమ్మా!”

“నేనెక్కడ ఉతికేనే? నానబెట్టిన గుడ్డల్లో ఉన్నాది. నేను సూసుకోనేదు.”

“మాస్టారు మొదటి రోజే సెప్తారమ్మా. డ్రెస్ రోజూ ఉతుక్కోండి, బెల్టు మాత్రం నీళ్లలో ముంచకండి అని. మన చెమటంతా అందులోనే ఉంటాదంట. ఉతికేస్తే గురువుకి దండం పెట్టేసి ఎల్లిపోయినట్టేనంట. ఏబెల్ సార్ అంత గొడవ పెట్టుకుని ఎల్లేడు కదా, ఆయన కూడా బెల్టు ఉతకలేదు!”

“ముందా నురగ ఉమ్మి మాటాడు.”

“ఆదివారం నాకు బ్రౌన్ బెల్టు టెస్టు. పోయింది. అంతే. పోయింది.” మెర్లిన్ బ్రష్షు విసిరేసింది.

ఆ పిల్ల భయంలో అర్థం లేకపోలేదు. అనకాపల్లి గొడవే ఇంకా చల్లారలేదు. పోయిన వారం జిల్లా సెలక్షన్లలో జెరూషా మేట్ మీద, గుద్దులూ తన్నులూ వరస తప్పకుండా చేసి చూపించే కటా మొదలుపెట్టి, సగంలో ఆగి, చేతులు కిందికి వదిలేసి నిలబడిపోయింది. దెబ్బ తగల్లేదు. కళ్లు తిరగలేదు. తర్వాతి అడుగు మరిచిపోనూ లేదు. ఊరికే ఆగిపోయింది. అంతమంది చూస్తుండగా మెల్లగా మేట్ దిగి, చెప్పులేసుకుని, బస్సెక్కి చోడవరం వచ్చేసింది. అప్పటినుంచి మంచం దిగితే అన్నానికి, స్నానానికి. పిలిస్తే పలుకుతోంది. అడిగితే ‘ఏమో’ అంటోంది. కాలేజీకి వెళ్లడం లేదు. ఫోను తీసి బీరువాలో పెట్టేసింది.

ఊరికి మాత్రం కారణం దొరికేసింది. కరాటే నేర్పే సత్తిబాబు మాస్టారి పరువు తియ్యడానికి ఏబెలే అలా ఆగిపొమ్మని చెప్పాడట! ఏబెల్ మాస్టారి పెద్ద శిష్యుడు. ఈమధ్యే ఆయనతో పోట్లాడి బయటికొచ్చి, సగం మంది పిల్లల్ని వెంటబెట్టుకుపోయి, రోలుగుంట రోడ్డులో వేరే క్లబ్బు పెట్టుకున్నాడు. జెరూషావాళ్లు వెళ్లే చర్చికే ఏబెల్ కూడా వెళ్తాడు. ఇంకేం కావాలి? ఒకే చర్చి, ఒకే ప్లాను అని తేల్చేశారు. ఇప్పుడు దానికి తోడు ఈ బెల్టు.

ఏసుమణి తడి చేతులతోనే గదిలోకి వెళ్లింది. జెరూషా వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తోంది. ఫ్యాను తిరగడం లేదు. ఇంటాయన తోమా లైన్‌మేన్; లైన్‌మేన్ ఇంట్లోనే కరెంటు లేదు.

“జెరూషా.”

“ఊఁ.”

“బెల్టు నువ్వేసేవేటే బకెట్లో?”

“ఊఁ.”

ఏసుమణి తలుపు దగ్గరగా వేసింది.

“తెలిసే ఏసేవా?”

“తెలిసే.”

“మాస్టారి మీద కోపమొచ్చిందేటి?”

“లేదమ్మా.”

“మరేటి?”

జెరూషా ఆలోచించింది. అమ్మ అడిగినందుకైనా ఏదో ఒకటి చెప్పాలని నిజంగానే ఆలోచించింది.

“వాసనేస్తంది,” అంది చివరికి.

“వాసనేస్తే?”

“గుడ్డల్లో ఏసేను.”

చెంప మీద ఒకటి వేద్దామనుకుంది ఏసుమణి. వేస్తే ఏడుస్తుందేమో, ఏడిస్తే అదైనా నయమేమో అనీ అనుకుంది. కానీ చెయ్యి లేవలేదు. ఆ మొహం చూస్తే కొట్టాలనిపించదు, దగ్గరికి తీసుకోవాలని కూడా అనిపించదు. భయమేస్తుంది.

“ఇను. ఎవులడిగినా నేనే ఉతికేనని సెప్తాను. తెలవక ఉతికేను. నువ్వు మాటాడకు.”

“సరే.”

“సరే ఏటే, సరే! ఆ సరే అనీ మాటకే నా పేణం పోతంది.”

“మరేటనాలమ్మా?” అంది జెరూషా.

ఎదురు చెప్పడం కాదది. ఏమనాలో తెలియకే అడిగింది. ఏసుమణి పెరట్లోకి వచ్చేసింది.

తడిసిన గుడ్డను ఆరెయ్యాలి కదా! పెరట్లో ఎండ రాదు. వీధివైపు దండెం మీద పొద్దుటినుంచీ ఎండే. ఏసుమణి బెల్టును రెండు నీళ్లలో జాడించి, గట్టిగా పిండి, వీధివైపు దండెం మీద ఆరేసి, ఎగిరిపోకుండా క్లిప్పులు కూడా పెట్టింది. అది ఎగిరిపోయినా బాగుండేది!

*

మధ్యాహ్నం తోమా చెప్పులతోనే ఇంట్లోకి వచ్చి, ఫోను పెళ్లాం మొహం ముందు పెట్టాడు.

“ఏటిది?”

క్లబ్బు గ్రూపులో ఫోటో. వాళ్ల ఇల్లే, వాళ్ల దండెమే. ఒక పక్క తోమా లుంగీ, ఇంకో పక్క దిండు గలీబు, మధ్యలో నల్ల బెల్టు. జెరూషా పేరు చక్కగా కనపడుతోంది. కింద ఎవరో రాశారు, ‘మాస్టారికి గురుదక్షిణ’ అని. దాని కింద బొటనవేళ్లూ, నవ్వు మొహాలూ, ఒకరిద్దరి దండాలూ.

“ఎవులు తీసేరిది?” అంది ఏసుమణి.

“ఎవులు తీస్తే ఏటి? ఆరేసింది నువ్వు కాదా? బుచ్చయ్యపేటలో స్తంభం మీదున్నాను, ఫోను మోగడమే మోగడం. ఏ కొంప ములిగిందో అని దిగి సూస్తే ఇది!”

“నేనే ఆరేసేను. తెలవక నానబెట్టేసేను. నీ తెల్లచొక్కాతో పాటు.”

“నా చొక్కా కూడానా?” తోమాకు ఒక్క క్షణం మిగతా గొడవంతా మరుపొచ్చింది. “మరి ఆదివారం ఏటేసుకుంటాను?”

“బ్లీచింగు నీళ్లలో ఏసేను. వీధివైపు కుళాయి కాడ బకెట్లో ఉన్నాది. తెల్లబడితే తెల్లబడతాది.”

“ముందా బెల్టు తియ్యి దండెం మీంచి!”

“మెర్లిన్ తీసేసింది.”

కంచాలు పెట్టారు. వంకాయ, ఎండురొయ్యల కూర. జెరూషాకి ఇష్టమని చేసింది ఏసుమణి. జెరూషా వచ్చి కూర్చుని, పెట్టినదంతా తింది. ఇంకొంచెం వెయ్యనా అంటే వెయ్యమంది. వద్దన్నా బాగుండేది, ఏదో ఒక ఇష్టం తెలిసేది.

“జెరూషా, నా వైపు సూడు,” అన్నాడు తోమా. గొంతు తగ్గించుకున్నాడు. “ఎవులైనా ఏటైనా అన్నారా అక్కడ? అంటే సెప్పు. నేనూరుకోను.”

“ఎవులూ ఏటీ అన్లేదు నాన్నా.”

“ఒంట్లో బాగోనేదా?”

“బాగానే ఉంది.”

“రక్తం టెస్టూ బాగానే ఉన్నాది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేరు. మీయమ్మ ఉపవాసం ఉన్నాది. మరేటే నీ బాధ?”

“బాధ లేదు నాన్నా. అదే సెప్తన్నాను. ఏటీ లేదు.”

“ఏటీ నేకపోతే అంత మంది ముందర ఏల ఆగిపోయేవు? ఆ ఒక్క కటా చేసుంటే స్టేట్‌కి ఎల్లేదానివి. స్టేట్ సర్టిఫికెట్టుంటే స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబులు. ఎన్నిసార్లు అనుకున్నాం మనం? నువ్వే కదే, యూనిఫారం ఏసుకుని మొదట మన చర్చికే వస్తానన్నావు?”

“అన్నాను.”

“మరి?”

“ఇప్పుడేటీ అనిపించట్లేదు.”

తోమా అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంతమంది ఆ పిల్లని ఇన్ని అడిగారు, ‘అలిసిపోయావా?’ అని ఒక్కరైనా అడిగారా? తెల్లవారకముందే లేచి తన ప్రాక్టీసు. తర్వాత చిన్నపిల్లల బ్యాచి. అటునుంచటే కాలేజీ. సాయంత్రం మళ్లీ బ్యాచి. ఏబెల్ వెళ్లిపోయాక అతని బ్యాచి కూడా ఈమె నెత్తినే పడింది. అది చాలదన్నట్టు, ‘ఆ వైపు ఎవరెవరు పోతున్నారో కనిపెట్టి చెప్పమ్మా’ అని మాస్టారు. ‘నీ బ్యాచి పిల్లల్ని నాలుగు మాటలు చెప్పి ఇటు పంపించు చెల్లీ’ అని ఏబెల్. ఎవరి సర్టిఫికెట్టు చెల్లుతుందో చెప్పమని గేటు దగ్గర ఆపే తల్లులు వేరే. అందరికీ సరే అంది, తలూపింది, మళ్లీ వెళ్లి పిల్లల చేత గుద్దులు గుద్దించింది. పిడికిలి బిగిస్తే బిగిసినట్టు తెలియడం ఏ రోజు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

“నేనొక ఆలోచన చేసేను,” అన్నాడు తోమా చెయ్యి కడుక్కుంటూ.

“ఏటా ఆలోచన?” అంది ఏసుమణి.

“తర్వాత సెప్తాను.”

ఫోను పట్టుకుని వరండాలోకి పోయి, గోడవైపు తిరిగి, ఎవరితోనో చాలాసేపు మెల్లగా మాట్లాడాడు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి గోడవైపు తిరిగి మాట్లాడితే పెళ్లానికి అనుమానం రాదా? వచ్చింది. అడిగే ఓపికే లేకపోయింది.

*

సాయంత్రం మెర్లిన్ కరాటే డ్రెస్ వేసుకుని, ఆకుపచ్చ బెల్టు కట్టుకుని, అక్క మంచం ముందు నిలబడింది. క్లబ్బుకు వెళ్లాలా మానాలా తెలియక పొద్దుటినుంచీ ఇంట్లో అందరి మీదా విసుక్కుంటోంది.

“అక్కా, నా కటా ఒకసారి సూడు. ఆదివారం ఇదే అడుగుతారు.”

“ఊఁ.”

గది ఇరుకు. బీరువాకి మోచెయ్యి తగలకుండా మెర్లిన్ కటా అంతా చేసింది. చివర్లో గట్టిగా అరిచి, రొప్పుతూ నిలబడింది.

“ఎలగుంది?”

“బాగుంది.”

“నిజంగా సూసేవా?”

“సూసేను.”

“రెండు చోట్ల తప్పు చేసేను. కావాలనే చేసేను. నువ్వు పట్టలేదు.” మెర్లిన్ కాలు నేలకేసి కొట్టింది. “ఎప్పుడూ నా మడమ కొంచెం లేస్తేనే కర్రతో కొట్టేదానివి. ఇప్పుడు కాలే తప్పేసినా బాగుందంటన్నావు!”

జెరూషా దిండు సరిచేసుకుంది.

“నీకేటి? నువ్వు పడుకుంటావు. క్లబ్బులో నా పక్కన ఎవులూ నిలబడట్లేదు తెలుసా? ఏబెల్ పార్టీ గుంట, ఏబెల్ పార్టీ గుంట అంటన్నారు. ఆడి గోల నాకేటి తెలుసు? నీ వల్లే ఇదంతా.”

“అవును,” అంది జెరూషా.

“అవునని ఒప్పేసుకోకు! దెబ్బలాడు నాతో!”

అప్పుడే వీధిలో మోటారు సైకిలు ఆగింది. సత్తిబాబు మాస్టారి బండి మోత ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మెర్లిన్ గబగబా కళ్లు తుడుచుకుంది.

*

మాస్టారు గుమ్మంలో చెప్పులు విడిచి, నెరిసిన మీసం ఒకసారి సవరించుకుని లోపలికొచ్చారు. ఈ ఇంట్లో ఎన్నోసార్లు టీ తాగిన మనిషి, ఇవాళ కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆయన చూపు కుట్టుమిషను మీద ఆగింది. ఆరిన బెల్టును మెర్లిన్ మడతపెట్టి అక్కడ పెట్టింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. నలుపు వెలిసిపోయి అక్కడక్కడా మరకలు కట్టింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. సబ్బుపొడి వాసన.

“ఇది నా సేత్తో కట్టిన బెల్టు తోమాగారూ,” అన్నారు.

తోమా నేల చూశాడు. ఏసుమణి కొంగు భుజం చుట్టూ తిప్పుకుని ముందుకొచ్చింది.

“తప్పు నాది బాబూ. నాకేటి తెలుసు మీ క్లబ్బు నియమాలు? గుడ్డని గుడ్డలాగే సూసేను. చొక్కాతో పాటు నానబెట్టేసేను. నా కూతురు ఎరగదు.”

మాస్టారు ఆమె మొహం చూశారు. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి.

“అదీ సంగతి. నేననుకున్నానమ్మా. క్లబ్బు కమిటీవోళ్లు పొద్దున్నించీ నా పేణం తీస్తన్నారు. జెరూషా అలాటి గుంట కాదని సెప్పేను. ఏబెల్ అంటే ఎల్లిపోయేడు. ఇంతున్నప్పుడు ఆల్ల నాన్న తెచ్చి నా సేతిలో పెట్టేడు ఆడిని. ఆడే ఎల్లిపోయేడు. ఈ గుంట కూడా ఎల్లిపోతే నేనింక ఎవులికి నేర్పినట్టమ్మా?”

ఆ మాట అబద్ధం కాదు. తన అబద్ధం గుర్తొచ్చి ఏసుమణి మొహం పక్కకి తిప్పుకుంది.

“జెరూషా! ఇలా రా అమ్మా,” అని పిలిచారు.

జెరూషా గదిలోంచి వచ్చింది. నలిగిన చుడీదారు, దువ్వని జుట్టు. మాస్టారు సంచిలోంచి కొత్త నల్ల బెల్టు తీశారు. బ్లాక్ బెల్టు ఎవరికైనా మొదటిసారి మాస్టారే కట్టాలి. ఇప్పుడు రెండోసారి కట్టడానికి ఆయన ఇంటికే వచ్చారు. ఎవరికీ అలా చెయ్యలేదాయన, ఏబెల్‌కి కూడా. చుడీదారు మీదే బెల్టు చుట్టి, ముడివేసి, రెండు కొసలూ సమానంగా లాగారు. బ్లౌజు కొలతలకి నిలబడినట్టు జెరూషా చేతులు కొంచెం ఎత్తి నిలబడింది.

“ఆదివారం టెస్టుకి తల్లులూ తండ్రులూ అందరూ వస్తారు. అందరి ముందరా ఒక్క మాట సెప్పు. అనకాపల్లిలో ఒంట్లో బాగోక ఆగిపోయేను, ఏబెల్ నాకేటీ సెప్పనేదు, నేను మాస్టారి మనిషిని. అంతే. సోమవారం నుంచి నీ బ్యాచిలు నీవి. నేనేటీ మనసులో పెట్టుకోను.”

తోమా చెయ్యి జేబులో ఫోను మీద ఉంది. ఏసుమణి లోపల్లోపల ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంటోంది.

మాస్టారు రెండు చేతులూ తొడలకానించి, క్లబ్బులో చేసినట్టే, ముందు తనే కొంచెం వంగారు. తిరిగి జెరూషా వంగాలి. ఏళ్ల తరబడి రోజుకెన్నిసార్లు వంగిందో ఆ నడుము. ఇప్పుడు కొత్త బెల్టు బిరుసుగా నడుం చుట్టూ ఉంది, అంతే తెలుస్తోంది ఆమెకి.

“మాస్టారూ,” అంది. “బెల్టు అమ్మ ఉతకలేదు. బకెట్లో నేనే ఏసేను.”

“జెరూషా!” అంది ఏసుమణి.

“తెలిసేనా?” అన్నారు మాస్టారు.

“తెలిసే.”

“ఎందుకమ్మా?”

“తెలీదు మాస్టారూ. ఏసినప్పుడు సెయ్యి వణుకుతాదేమో అనుకున్నాను. ఏడుపొస్తాదేమో అని కాసేపు బకెట్టు పక్కనే కూర్చున్నాను. ఏటీ రాలేదు. లేచి వచ్చి పడుకున్నాను.”

వీధిలో చెరకు ట్రాక్టరు ఒకటి పోయింది. అది పోయేదాకా అందరూ అలాగే నిలబడ్డారు.

“అయితే ఆళ్లన్నది నిజమే,” అన్నారు మాస్టారు. “ఏబెల్ కాడికి ఎల్తన్నావు.”

“ఎవరి కాడికీ ఎల్లట్లేదు. నాకు కరాటే వద్దు. కొన్నాళ్లో, ఎప్పటికీనో, అది కూడా తెలీదు. హాల్లోకి అడుగెడితే చెవుల్లో దూది పెట్టినట్టుంటాది. పిల్లలు అరుస్తారు, నాకు నోళ్లే కనిపిస్తాయి. గుద్దితే నా సెయ్యి నాది కానట్టుంటాది. అనకాపల్లిలో అదే అయింది. ఇది నేను కాదు కదా అనుకున్నాను. ఆగిపోయేను.”

“అలాగని ఎవులైనా మానేస్తారా?”

“మీకెప్పుడూ అలగవ్వలేదా మాస్టారూ?”

నిలదీసినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. సత్తిబాబు మాస్టారు కుర్చీ కోసం వెనక్కి చూసుకున్నారు, వచ్చాక మొదటిసారి కూర్చున్నారు. తన చేతుల వైపు చూసుకున్నారు. కణుపులు కాయలు కట్టిన చేతులు.

“ఒకప్పుడు...” అన్నారాయన.

ఆ మాట పూర్తి కానిస్తే ఏమయ్యేదో! కానివ్వలేదు తోమా. కూతురు ‘వద్దు’ అన్న దగ్గర్నుంచీ అతని చెవుల్లో ఇంకేమీ దూరలేదు.

“మానడం ఏటి, మాటలు! అది మానదు బాబూ. మీ కాడ ఇష్టం నేకపోతే ఇంకో కాడ సేస్తాది. నేను ఏబెల్‌తో మాటాడేసేను.”

“ఏటి?” అంది ఏసుమణి.

“మద్దేనమే మాటాడేసేను. ఆడి క్లబ్బు నుంచి సెలక్షన్లకి మల్లా పంపిస్తానన్నాడు. లేడీ కోచ్‌గా పెట్టుకుంటానన్నాడు. ఫ్లెక్సీకి ఫోటో కూడా పంపించేసేను. రేపు జంక్షన్లో కడతారు.”

మాస్టారు మెల్లగా తలెత్తారు. ఇందాక ఆయన మొహంలో మెత్తబడ్డదేదో గట్టిపడిపోయింది.

“నన్నడిగేవా నాన్నా?” అంది జెరూషా. టైమెంతయింది అన్నంత మామూలుగా అడిగింది.

“నిన్నడిగితే ఏటంటావే? ఏమో అంటావు! నేనేటి చెయ్యాలి? సేతులు కట్టుకుని సూస్తా కూర్చోవాలా?” తోమా కళ్లలో నీళ్లు తిరిగాయి. మోసం చేద్దామని చేసింది కాదది. కూతురు చేజారిపోతోందని కంగారుపడి, దొరికిన చెయ్యి పట్టుకున్నాడు. కానీ అది చెప్పడం అతనికి రాలేదు. చెప్పినా ఇప్పుడు వినేవాళ్లెవరు?

మాస్టారు లేచారు. తను వేసిన ముడి తనే విప్పారు. బెల్టు చుట్టి సంచిలో పెట్టుకున్నారు. జెరూషా అందుకు కూడా చేతులు కొంచెం ఎత్తి నిలబడింది.

“నేనింకా ఆ గుంట ఏటో బాధలో ఉందనుకున్నాను తోమాగారూ. ఫ్లెక్సీ దాకా వచ్చిందని తెలవదు.” గుమ్మం దగ్గర ఆగి మెర్లిన్ వైపు తిరిగారు. “నువ్వు ఆదివారం రా. నీ తప్పేటీ నేదు. కానీ ఒకటి. ఈరోజు నుంచి మీ అక్క కాడ ప్రాక్టీసు చెయ్యకూడదు. కటాలు అడక్కూడదు. ఆ క్లబ్బు మనిషితో నా క్లబ్బు మనిషికి పని నేదు. ఒప్పుకుంటేనే రా.”

“ఒకే గదిలో పడుకుంటాం మాస్టారూ,” అంది మెర్లిన్.

“పడుకోండి. కరాటే మాట్లాడకండి.”

ఆయన చెప్పులేసుకుని గేటు దాటారు. ఏసుమణి మొగుడి మీదికి తిరిగింది.

“ఎంత పని చేసేవయ్యా! ఆయన ఏటో సెప్పబోయేడు. ఒక్క నిమిసం నోరు మూసుకునుంటే నీ సొమ్మేటి పోయేది?”

“నువ్వు అబద్దం ఆడొచ్చు గానీ నేను మాటాడకూడదా?”

“నేను దాన్ని కాసుకోడానికి ఆడేను!”

“నేనెందుకు చేసేను మరి?”

ఈ గొడవలో మెర్లిన్ ఎప్పుడు వీధి గుమ్మం దాటిందో వాళ్లు చూడలేదు. ఆ పిల్ల కుళాయి దగ్గర నిలబడి, నడుముకున్న ఆకుపచ్చ బెల్టు ముడి విప్పింది. తోమా చొక్కా నానుతున్న బ్లీచింగు బకెట్లోకి బెల్టును వదిలేసి, చేత్తో అడుక్కి నొక్కింది.

“ఒసే!”

ఆ కేక ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. ఏసుమణి అనలేదు. తోమా అనలేదు. గోడ అవతల అచ్చియ్యమ్మ కూడా అనలేదు. జెరూషా కుర్చీని తన్నుకుని, గుమ్మం దాటి, మెర్లిన్‌ని పక్కకి తోసేసి, మోచేతులదాకా బకెట్లో పెట్టి బెల్టు పైకి లాగింది.

“పిచ్చిమొకమా! బ్లీచింగే అది! రంగంతా పోద్ది! ఎవులు సెప్పేరే నీకు ఇలగ చెయ్యమని?”

“నువ్వు చెయ్యలేదా?”

“నేను చేస్తే నువ్వూ చేస్తావా? దీనికోసం ఎంత ఏడ్చేవే నువ్వు! పొద్దున్న లేవలేక ఏడ్చుకుంటా వచ్చేదానివి. మోకాలు చీరుకుపోయినా ఆగలేదు. నేను సూడలేదా? నీ ఎడం మడమ లేవకుండా నిలబడ్డానికి ఎన్నాళ్లు పట్టింది? నాకు పోతే నీకూ పోవాలేటే?”

అరుస్తూనే కుళాయి తిప్పి, బెల్టును నీళ్ల కింద పట్టింది. ఆకుపచ్చ నీళ్లు ఆమె చేతుల మీదుగా కారుతున్నాయి. ఆ చేతులు వణుకుతున్నాయి. కుళాయి కట్టెయ్యబోతే పట్టు దొరకలేదు, అంతలా వణుకుతున్నాయి. ఆమె వాటివైపు చూసి ఆగిపోయింది.

“అక్కా,” అంది మెర్లిన్.

ఏసుమణి గుమ్మంలోనే చతికిలబడింది. తోమా ఏదో అనబోతే, ఈసారి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

గేటు అవతల సత్తిబాబు మాస్టారి బండి స్టార్టయి ఉంది. ఆ మోత ఎంతకీ కదల్లేదు. కాసేపటికి అదీ ఆగిపోయింది. తర్వాత గేటు గడియ తీసిన చప్పుడైంది.